పాత కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టం ఇన్‌స్టలేషన్ ఫైళ్ల తయారీ

నిర్వచనం, పరిధి

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టంను ఎక్కించడానికి కావలసిన ఫైళ్లను సేకరించి, అవి చెడిపోలేదని తేల్చుకుని, ఆ యంత్రానికి సరిపోయేలా సవరించి, అది చదవగలిగే సీడీ, డీవీడీ, పెన్‌డ్రైవ్ లేదా నెట్‌వర్క్ సర్వరులో సిద్ధం చేయడాన్ని ఇన్‌స్టలేషన్ ఫైళ్ల తయారీ అంటారు. సర్వీసు షాపుల వాడుకలో ఇది ‘బూటబుల్ చేయడం’. ఆ తర్వాత జరిగేది ‘ఓఎస్ వేయడం’. కొత్త కంప్యూటరుకు తయారీదారు ఇచ్చిన ఫైళ్లు ఉన్నవున్నట్టుగా సరిపోతాయి కాబట్టి ఈ మొదటి పని కొనేవారి కంట పడదు. పదేళ్లు దాటిన యంత్రానికి ఓఎస్ వేయాలంటే మాత్రం అసలు పనంతా ఇక్కడే ఉంటుంది.

ఏ కంప్యూటరును పాతదిగా లెక్కించాలన్నదానికి ఒకే కొలమానం లేదు. 64-బిట్ ఆదేశాలు తెలియని ప్రాసెసర్, యూఈఎఫ్‌ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ లేకుండా పాత బయోస్ మాత్రమే ఉన్న మదర్‌బోర్డు, 2 జీబీ లేదా అంతకు తక్కువ ర్యామ్, కొత్త వ్యవస్థలు డ్రైవర్లు ఇవ్వని గ్రాఫిక్స్ లేదా డిస్కు కంట్రోలర్ వంటి వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పరిధిలోకి వస్తుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల గడువు ముగిసింది. దానితో, బాగానే పనిచేస్తూ విండోస్ 11 అర్హతలకు అందని యంత్రాలు కూడా ఈ వర్గంలో చేరాయి.

చరిత్ర (చూ. ఫ్లాపీ డిస్కు, ఎల్ టొరీటో, విమ్ ఇమేజి)

భారతీయ పాఠశాలలకు కంప్యూటర్లు తెచ్చిన తొలి జాతీయ పథకం ‘క్లాస్’ 1984–85లో మొదలైంది. అందులో పంపిణీ చేసిన బీబీసీ మైక్రో యంత్రాలకు ఇన్‌స్టలేషన్ అవసరమే లేదు. వాటి ఆపరేటింగ్ సిస్టం మదర్‌బోర్డు మీది ‘రోమ్’ చిప్పులోనే ఉండేది, స్విచ్ వేయగానే తెర మీదికి వచ్చేది. ఐబీఎం పీసీ తరహా యంత్రాలు రావడంతో ఓఎస్ డిస్కు మీదికి మారింది. దానిని డిస్కు మీదికి ఎక్కించే పని కొత్తగా వచ్చిపడింది.

డాస్ కాలంలో రెండు మూడు ఫ్లాపీలతో పని అయిపోయేది. 1995లో వచ్చిన విండోస్ 95 ఫ్లాపీ ప్రతికి 13 డిస్కులు పట్టాయి. అదీ 1.44 ఎంబీ డిస్కులో దాదాపు 1.7 ఎంబీ పట్టేలా ప్రత్యేకంగా ఫార్మాట్ చేస్తేనే. పదకొండో డిస్కు దగ్గర చదవడంలో లోపం వస్తే మొత్తం మళ్లీ మొదటికొచ్చేది. సీడీలు వచ్చినా ఇబ్బంది వెంటనే తీరలేదు. అప్పటి బయోస్‌లకు సీడీ నుంచి బూట్ కావడం తెలియదు. ముందు ఫ్లాపీతో డాస్ లేపి, సీడీ డ్రైవర్ ఎక్కించి, ఆ తర్వాతే సీడీలోని సెటప్ నడపాల్సి వచ్చేది.

1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు వెలువరించిన ఎల్ టొరీటో ప్రమాణం ఈ అడ్డంకిని తొలగించింది. సీడీలోని ఐఎస్‌ఓ 9660 ఫైలు వ్యవస్థకు ఒక బూట్ పట్టికను చేర్చి, బయోస్ నేరుగా అక్కడి నుంచి కోడును ఎత్తుకునేలా చేయడం దాని సారం. ఓఎస్ ఇన్‌స్టలేషన్‌కు వాడే ‘ఐఎస్‌ఓ ఫైలు’ నేటికీ ఈ ఏర్పాటు ఉన్న డిస్కు ప్రతిబింబమే.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ సీడీలో ‘ఐ386’ అనే ఫోల్డరు ఉండేది. వేలాది ఫైళ్లు విడివిడిగా, కుదించిన రూపంలో అందులో ఉండేవి. సెటప్ వాటిని ఒక్కొక్కటిగా విప్పి డిస్కు మీద పరిచేది. విండోస్ విస్టాతో ఈ పద్ధతి మారింది. ముందే అమర్చిన వ్యవస్థ మొత్తాన్ని ‘ఇన్‌స్టాల్.విమ్’ అనే ఒకే ఫైలులో పెట్టి, దాన్ని డిస్కు మీద విప్పడం మొదలైంది. సెటప్‌ను నడిపే చిన్న వ్యవస్థ ‘బూట్.విమ్’ అనే మరో ఫైలులో ఉంటుంది. పాత యంత్రాలకు ఫైళ్లు తయారు చేసేవారు చేయి పెట్టేది ఈ రెండింటిలోనే.

హార్డ్‌వేరు పరిమితులు

ప్రాసెసర్. ఫైళ్లు దించుకునే ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి 32-బిట్టా, 64-బిట్టా అన్నది. ఏఎండీ 2003లో తెచ్చిన 64-బిట్ విస్తరణ ఇంటెల్ ప్రాసెసర్లన్నిటిలోకి రావడానికి ఏళ్లు పట్టింది. 2006 మొదట్లో వచ్చిన కోర్ డ్యుయో 32-బిట్‌ది, అదే ఏడాది తర్వాత వచ్చిన కోర్ 2 డ్యుయో 64-బిట్‌ది. పేరులో ఒక్క అంకె తేడా. 2008 నాటి నెట్‌బుక్‌లలో విరివిగా కనిపించిన ఆటమ్ ఎన్270 కూడా 32-బిట్‌దే. పెంటియం 4 అయితే మోడలు నంబరు చూడకుండా చెప్పలేం.

అంతటితో అయిపోదు. 2003 ప్రాంతపు పెంటియం ఎం చిప్పులు కొన్నింటిలో పీఏఈ అనే మెమరీ సౌకర్యం ఉన్నా, ఉన్నట్టు అవి ప్రకటించవు. అందువల్ల పీఏఈ తప్పనిసరి చేసిన లినక్స్ కెర్నళ్లు వాటి మీద బూట్ కావడానికి నిరాకరిస్తాయి. ఉబుంటు 14.04 ఇన్‌స్టాలరుకు ‘ఫోర్స్‌పీఏఈ’ అనే ఆప్షన్ జోడించింది ఇలాంటి లాప్‌టాప్‌ల కోసమే. విండోస్ 8 నుంచి పీఏఈ, ఎన్‌ఎక్స్, ఎస్‌ఎస్‌ఈ2 అనే ప్రాసెసర్ సౌకర్యాలు తప్పనిసరి. విండోస్ 11 యొక్క 24హెచ్2 విడుదల పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ4.2 ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద అసలు లేవదు. కోర్ 2 డ్యుయోలో పాప్‌కౌంట్ ఆదేశం లేదు. సెటప్‌లోని అర్హత పరీక్షను తప్పించే ఉపాయాలు ఎన్ని ఉన్నా, చిప్పులో లేని ఆదేశాన్ని ఏ ఫైలు సవరణా తేలేదు.

లినక్స్ వైపు కూడా తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయి. 2013 నాటి కెర్నల్ 3.8తో 80386కు మద్దతు పోయింది. 2017లో డెబియన్ అనే లినక్స్ పంపిణీ తన 9వ విడుదలలో తొలి పెంటియం తరాన్ని వదిలింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ ఇంటెల్ యంత్రాలకు ఇన్‌స్టాలరు గానీ కెర్నలు గానీ లేవు. విండోస్‌లో 32-బిట్ ప్రతి ఉన్న చివరి వెర్షన్ విండోస్ 10.

ఫర్మ్‌వేర్ (చూ. బయోస్, యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్). బయోస్ యంత్రం డిస్కులోని మొదటి 512 బైట్ల సెక్టారును చదివి, చివరి రెండు బైట్లలో గుర్తు సరిపోతే అక్కడి కోడుకు పగ్గాలు అప్పగిస్తుంది. యూఈఎఫ్‌ఐ యంత్రం అలా చేయదు. ఫ్యాట్ ఫైలు వ్యవస్థ ఉన్న విభాగంలో ‘ఈఎఫ్‌ఐ’ ఫోల్డరులోని బూట్ ఫైలును పేరు పెట్టి వెతుకుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఒక పద్ధతికి తయారు చేసి రెండో పద్ధతి యంత్రానికి పెడితే తెర మీద ఏమీ రాదు. షాపుకు వచ్చే ‘పెన్‌డ్రైవ్ డిటెక్ట్ కావట్లేదు’ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

రెంటికీ మధ్య చిక్కుకున్న యంత్రాలూ ఉన్నాయి. 2013–14లో చౌకగా వచ్చిన బే ట్రయల్ ఆటమ్ టాబ్లెట్లు, చిన్న లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64-బిట్‌ది, యూఈఎఫ్‌ఐ మాత్రం 32-బిట్‌ది. మామూలు 64-బిట్ పెన్‌డ్రైవ్‌ను అవి గుర్తించవు. ‘బూట్ఐఏ32.ఈఎఫ్‌ఐ’ అనే 32-బిట్ బూట్ ఫైలును అదనంగా చేర్చాలి. 2000ల తొలి నాళ్ల బయోస్‌లలో యూఎస్‌బీ బూట్ ఉన్నా ‘యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ’, ‘యూఎస్‌బీ-జిప్’, ‘యూఎస్‌బీ-హెచ్‌డీడీ’ అని మూడు రకాలుగా కనిపించేది. పెన్‌డ్రైవ్‌కు సాధారణంగా మూడోదే పనికొస్తుంది. యూఎస్‌బీ బూట్ అసలే లేని యంత్రంలో ప్లాప్ బూట్ మేనేజర్‌ను సీడీ లేదా ఫ్లాపీ నుంచి లేపి, దాని ద్వారా పెన్‌డ్రైవ్‌కు వెళ్లవచ్చు.

డిస్కు. 28-బిట్ చిరునామాలు మాత్రమే తెలిసిన కంట్రోలర్లు, వ్యవస్థలు 137 జీబీకి మించి చూడలేవు. విండోస్ ఎక్స్‌పీ మొదటి విడుదలకూ ఈ పరిమితి ఉంది, 2002 నాటి సర్వీస్ ప్యాక్ 1తో తొలగింది. పాత ఎక్స్‌పీ సీడీతో పెద్ద డిస్కును విభజించినవారు అది 127 జీబీ అని చూపడం చూసి డిస్కే నకిలీదని అనుకోవడం కద్దు. ఎంబీఆర్ పద్ధతి విభజనకు 2 టీబీ దగ్గర మరో గోడ ఉంది. పాత యంత్రాల విషయంలో అంతదాకా వెళ్లే అవసరం అరుదు.

తయారీ విధానాలు

స్లిప్‌స్ట్రీమింగ్. విండోస్ ఎక్స్‌పీ కాలంలో బాగా వ్యాపించిన పద్ధతి ఇది. సీడీలోని ఫైళ్లన్నిటినీ హార్డ్ డిస్కులోని ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, సర్వీస్ ప్యాక్ ఫైలును ‘ఇంటిగ్రేట్’ ఆప్షన్‌తో నడిపితే అది ఆ ఫోల్డరులోని పాత ఫైళ్లను కొత్తవాటితో మారుస్తుంది. తర్వాత అసలు సీడీ నుంచి బూట్ సెక్టారును విడిగా తీసి, దానితో కొత్త సీడీ కాల్చాలి. సీడీ కాల్చే సాఫ్ట్‌వేర్‌లో ‘నో ఎమ్యులేషన్’ ఎంచుకుని, లోడ్ సెగ్మెంట్ 07సీ0 అని, సెక్టార్ల సంఖ్య 4 అని ఇవ్వాలి. సెక్టార్ల సంఖ్యను 1గా వదిలేస్తే ఫైళ్లన్నీ సక్రమంగా ఉన్నా సీడీ బూట్ కాదు. ఆ తరం టెక్నీషియన్లకు ఈ రెండు విలువలు నోటికొచ్చినవే.

ఎక్స్‌పీకి సాటా డిస్కుల డ్రైవర్లు పుట్టుకతో లేవు. కంట్రోలర్ ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉంటే సెటప్ కొంతదూరం వెళ్లి 7బి సంకేతంతో నీలి తెర చూపి ఆగిపోయేది. మైక్రోసాఫ్ట్ చెప్పిన మార్గం ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఇవ్వడం. ఫ్లాపీ డ్రైవు లేని లాప్‌టాప్‌కు ఆ మార్గం లేదు. బయోస్‌లో కంట్రోలర్‌ను ఐడీఈ పద్ధతికి మార్చడం ఒక దారి, ఎన్‌లైట్ వంటి సాధనంతో డ్రైవర్‌ను ముందే సీడీలో కలిపేయడం మరో దారి. రెండోదే మేలైనది. ఒకసారి చేసి పెట్టుకుంటే అదే మోడలు యంత్రాలన్నిటికీ పనికొస్తుంది.

విమ్ సవరణ. విస్టా తర్వాతి విండోస్‌లో డిజ్మ్ అనే సాధనంతో విమ్ ఫైలును ఒక ఫోల్డరుగా తెరిచి, డ్రైవర్లు, సవరణలు చేర్చి, మళ్లీ మూసేయవచ్చు. డ్రైవర్‌ను ఇన్‌స్టాల్.విమ్‌లో మాత్రమే చేర్చి బూట్.విమ్‌ను మరిచిపోతే సెటప్ మొదట్లోనే డిస్కు కనబడలేదంటుంది. అందువల్ల రెంటిలోనూ చేర్చాలి. ఇదే సమస్య తలకిందులుగా 2015 తర్వాత ఎదురైంది. స్కైలేక్ తరం కొత్త మదర్‌బోర్డుల మీద విండోస్ 7 వేయబోతే, అందులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేక సెటప్ మధ్యలో కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేసేవి. అక్కడా పరిష్కారం బూట్.విమ్‌లో డ్రైవర్ చేర్చడమే.

యూఈఎఫ్‌ఐకి కావలసిన ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇటీవలి విండోస్ ఇన్‌స్టాల్.విమ్ ఆ హద్దు దాటుతుంది. దాన్ని డిజ్మ్‌తోనే ఎస్‌డబ్ల్యూఎం ముక్కలుగా విడగొడితే సెటప్ వాటిని తానే కలుపుకుని చదువుకుంటుంది.

లినక్స్ ప్రతిబింబాలు. డెబియన్ వంటి పంపిణీల ఐఎస్‌ఓ ఫైళ్లను హైబ్రిడ్‌గా తయారు చేస్తారు. అదే ఫైలును సీడీగా కాల్చవచ్చు, డీడీ ఆదేశంతో పెన్‌డ్రైవ్ మీద బైటుకు బైటు రాయవచ్చు. డీడీకి గమ్యం పేరు తప్పుగా ఇస్తే అది మారుమాట అడగకుండా హార్డ్ డిస్కునే చెరిపేస్తుంది. పేరు రెండుసార్లు సరిచూసుకోవడం ఇక్కడ నియమం. విండోస్ మీద పనిచేసేవారు రూఫస్ అనే సాధనం వాడతారు. బయోస్‌కా, యూఈఎఫ్‌ఐకా అన్నది అందులో ముందే ఎంచుకోవచ్చు. 2020లో వచ్చిన వెంటాయ్‌తో ఒకే పెన్‌డ్రైవ్‌లో అనేక ఐఎస్‌ఓలు కాపీ చేసి, బూట్ సమయంలో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. రకరకాల పాత యంత్రాలు వచ్చే షాపుకు ఇది బాగా సరిపోతుంది.

తేలికపాటి పంపిణీల్లో టైనీ కోర్ పాతిక ఎంబీ లోపు ఇమిడిపోతుంది. పప్పీ మొత్తం వ్యవస్థను ర్యామ్‌లోకి ఎక్కించుకుని నడుస్తుంది. యాంటీఎక్స్ డెబియన్ ఆధారంగా పాత యంత్రాల కోసమే తయారవుతుంది.

గమనింపు లేని ఇన్‌స్టలేషన్, నెట్‌వర్క్ బూట్. ఒకే రకం యంత్రాలు ముప్పై ఉన్న ల్యాబులో ప్రతిదాని ముందూ కూర్చుని ప్రశ్నలకు జవాబు ఇవ్వనక్కరలేదు. ఎక్స్‌పీకి విన్‌ఎన్‌టీ.సిఫ్, విస్టా మొదలు విండోస్‌కు ఆటోఅన్‌అటెండ్.ఎక్స్‌ఎంఎల్, డెబియన్‌కు ప్రీసీడ్, రెడ్ హ్యాట్‌కు కిక్‌స్టార్ట్ అనే జవాబుల ఫైళ్లు ఉన్నాయి. సీడీ, యూఎస్‌బీ రెండూ పనిచేయని యంత్రంలో నెట్‌వర్క్ కార్డుకు పీఎక్స్‌ఈ అనే బూట్ సౌకర్యం ఉంటే సర్వరు నుంచి బూట్ చేయవచ్చు.

తెలుగు లిపి మద్దతు (చూ. యూనికోడ్, గౌతమి ఫాంటు)

పాత యంత్రానికి ఫైళ్లు తయారు చేసేటప్పుడు తెలుగు నాట అదనంగా చూడవలసిన అంశం ఇది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. అయితే ఒత్తులు, గుణింతాలు సరిగా అమరడానికి కావలసిన సంక్లిష్ట లిపుల మద్దతు మామూలుగా వేసిన ఎక్స్‌పీలో పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’ తెరిచి, రెండో ట్యాబులో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఐ386 ఫోల్డరులోంచి ఫైళ్లు తీసుకుని, రీస్టార్ట్ అయ్యాకే తెలుగు కుదురుగా కనిపిస్తుంది. సీడీ పోగొట్టుకున్నవారికి ఈ పని అక్కడే ఆగిపోయేది. 2000లలో తెలుగు వెబ్‌సైట్లు తెరిచిన ఎందరికో అక్షరాల బదులు గడులో, విడిపోయిన ఒత్తులో కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. సీడీ తయారీలోనే జవాబుల ఫైలులో ఈ మద్దతును చేర్చి ఉంటే సరిపోయేది, కానీ మన దగ్గర అమ్ముడైన యంత్రాల్లో అలా వేసి ఇచ్చినవి తక్కువ. విస్టా నుంచి ఈ మద్దతు మొదటినుంచే అమర్చి వస్తోంది.

డెబియన్ ఇన్‌స్టాలరులో తెలుగు ఉంది, అయితే గ్రాఫికల్ పద్ధతిలోనే. టెక్స్ట్ పద్ధతి తెర తెలుగు లిపిని చూపలేదు. ర్యామ్ తక్కువై గ్రాఫికల్ ఇన్‌స్టాలరు నడవని యంత్రంలో ఇంగ్లీషులో ఇన్‌స్టాల్ చేసి, తర్వాత తెలుగు లొకేల్, లోహిత్ వంటి ఫాంటు చేర్చుకోవాలి.

తెలుగు నేల మీద ప్రయత్నాలు

పాత హార్డ్‌వేరును దృష్టిలో పెట్టుకుని తెలుగులో ఓఎస్ తయారు చేసిన ప్రయత్నాల్లో స్వేచ్ఛ ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారానికి ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. తెలుగు ఇంటర్‌ఫేస్‌తో స్వేచ్ఛ ఓఎస్‌ను తెచ్చింది. ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం, వారి చేతులతోనే ఈ-స్వేచ్ఛ తయారైంది. బడి పిల్లల కోసం తెచ్చినది బాల స్వేచ్ఛ. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగోళం వంటి పాఠ్యాంశాల సాఫ్ట్‌వేర్లు అందులోనే అమర్చి ఉంటాయి. పెంటియం 4 ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద కూడా నడిచేలా దాన్ని రూపొందించారు. డీవీడీ నుంచి హార్డ్ డిస్కును ముట్టుకోకుండా నేరుగా నడిపించే లైవ్ సౌకర్యం ఉంది. అంటే బడిలో ఉన్న పాత విండోస్ అలాగే ఉంచి పరీక్షించి చూడవచ్చు. బడుల్లో ఏ యంత్రాలు ఉన్నాయో ముందు చూసి, వాటికి తగ్గట్టు ఫైళ్లు సిద్ధం చేసిన పద్ధతి ఇది. అందుకే ఈ విషయంలో బాల స్వేచ్ఛ నేటికీ మంచి నమూనా.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నై కేంద్రం 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ డెబియన్ ఆధారితం. తెలుగుతో పాటు పలు భారతీయ భాషలకు అందులో మద్దతు ఉంది. పాఠశాలల కోసం ఎడ్యుబాస్ అనే ప్రత్యేక రూపం ఉంది.

మంగంపేట పరిసరాల స్థితిగతులు (చూ. బెరైటీస్, వేబ్రిడ్జి)

పాత కంప్యూటర్లు పనిలో ఎందుకు మిగిలిపోతాయో చూడటానికి మంగంపేట ఒక ఉదాహరణ. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊళ్లో ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. స్థానికంగా దీన్ని ముగ్గురాయి అంటారు. గనిని ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ నిర్వహిస్తుంది. రాయిని పొడి చేసే మిల్లులు చుట్టుపక్కల ఉన్నాయి. ఆ పొడి ప్రధానంగా చమురు బావుల తవ్వకంలో వాడతారు. రాయిగా, పొడిగా సరుకంతా బరువు లెక్కనే కదులుతుంది కాబట్టి ఇలాంటి చోట లారీ కాటా, దాని పక్కన గదిలోని కంప్యూటరు వ్యాపారానికి ఆయువుపట్టు.

కాటా కంప్యూటర్లు చాలాచోట్ల పాతవిగానే ఉండిపోతాయి. అందుకు కారణం పొదుపు ఒక్కటే కాదు. కాటా ఇండికేటరు బరువును ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్టు ద్వారా, సాధారణంగా 2400 లేదా 9600 బాడ్ వేగంతో పంపుతుంది. కార్బను ప్రతులతో చీటీ రావాలంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే కావాలి, పాత ప్రింటరుకు ప్యారలల్ పోర్టు కావాలి. ఈ రెండు పోర్టులూ నేటి మదర్‌బోర్డుల్లో అరుదు. పైగా కాటా సాఫ్ట్‌వేరును ఎప్పుడో ఎక్స్‌పీ కోసమో విండోస్ 7 కోసమో రాసి ఉంటారు. అందుకే డిస్కు పోయిన రోజున కొత్త యంత్రం కొనడం కన్నా, పాత యంత్రానికే అదే ఓఎస్‌ను మళ్లీ వేయడం త్వరగా తెమిలే పని అవుతుంది. లారీలు వరుసలో నిలిచాక ఐఎస్‌ఓ కోసం, చిప్‌సెట్ డ్రైవర్ కోసం వెతకడం మొదలుపెడితే ఆ పూట పోయినట్టే. ఇలాంటి యంత్రానికి ఫైళ్ల తయారీ డిస్కు బాగున్నప్పుడే జరగాలి. ఓఎస్ ఐఎస్‌ఓ, ఆ మదర్‌బోర్డు డ్రైవర్లు, కాటా సాఫ్ట్‌వేరు సెటప్, దాని పోర్టు అమరికలు రాసిన కాగితం, డిస్కు మొత్తానికి క్లోన్‌జిల్లాతో తీసిన ప్రతి ఒకచోట ఉండాలి.

రాయి పొడి, ఎండ, కరెంటు కోతలు తయారీ పద్ధతిని కూడా నిర్ణయిస్తాయి. సన్నటి పొడి మొదట దెబ్బతీసేది సీడీ డ్రైవు లెన్సును, ఫ్యానును. దుమ్ము పట్టిన డ్రైవులో మంచి సీడీ కూడా మధ్యలో చదవడం ఆగి, తప్పు ఫైళ్లదే అన్న భ్రమ కలిగిస్తుంది. ఇక్కడ పెన్‌డ్రైవ్ నయం. ర్యామ్ కాంటాక్టులను మెత్తని రబ్బరుతో తుడిచి, మెమ్‌టెస్ట్86+ ఒక్క చుట్టయినా నడిపించాకే ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టాలి. చెడ్డ ర్యామ్ మీద ఫైళ్లు విప్పితే అవి డిస్కు మీదికి చెడిపోయే వెళ్తాయి. కడప వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు మార్చడం కూడా ఈ పనిలో భాగమే. విమ్ విప్పుతుండగా కరెంటు పోతే మొదటినుంచి మొదలుపెట్టాలి, యూపీఎస్ లేకుండా పూనుకోకూడదు.

ఇంకొకటి, చిన్నదిగా కనిపించే బటన్ బ్యాటరీ. పదేళ్ల యంత్రంలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ సాధారణంగా అయిపోయి ఉంటుంది. ప్లగ్గు తీయగానే తేదీ వెనక్కి పోతుంది, బూట్ వరుస, సాటా పద్ధతి మొదటికొస్తాయి. ఐడీఈకి మార్చి ఎక్స్‌పీ వేసిన యంత్రం మర్నాడు ఏహెచ్‌సీఐకి తిరిగిపోయి నీలి తెర చూపుతుంది. డెబియన్ అయితే ప్యాకేజీల విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటూ సవరణలు దించుకోదు, బ్రౌజరు సురక్షిత సైట్లన్నిటినీ నమ్మలేనంటుంది. ఫైళ్లను ఎంత తిరిగి తయారు చేసినా ఈ లోపాలు తీరవు. నాణెమంత బ్యాటరీ మారిస్తే తీరతాయి.

సరిచూపు, భద్రత, లైసెన్సు

దించుకున్న ఐఎస్‌ఓకు ఎస్‌హెచ్‌ఏ-256 విలువ లెక్కగట్టి, విడుదల చేసినవారు ప్రకటించిన విలువతో పోల్చాలి. ఒక్క బిట్ మారినా విలువ పూర్తిగా వేరవుతుంది. ఎవరో సవరించి పంచిన ‘లైట్’ విండోస్ ప్రతులకు ఇలా పోల్చడానికి అధికారిక విలువే ఉండదు. వాటిలో ఏం తీసేశారో, ఏం చేర్చారో తెలియదు కాబట్టి ఆఫీసు, బడి యంత్రాలకు అవి తగవు.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో పొడిగించిన మద్దతు ముగిసింది. కాటా వంటి పనికి వాటిని వాడక తప్పని చోట యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి. పెన్‌డ్రైవ్‌ల రాకపోకలను కూడా అదుపులో పెట్టాలి. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ యంత్రానికే చెందుతుంది, ఎక్స్‌పీ, విండోస్ 7 కాలపు యంత్రాల్లో కేబినెట్ మీది స్టిక్కరే దానికి ఆధారం. ఆ స్టిక్కరు అరిగిపోకముందే కీని రాసి ఉంచుకోవాలి. డెబియన్, బాస్, స్వేచ్ఛ వంటివాటిని ఎన్ని యంత్రాలకైనా చట్టబద్ధంగా కాపీ చేయవచ్చు.

ప్రాధాన్యం, ప్రస్తుత స్థితి

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల (నిర్వహణ) నియమాలు పాత పరికరాలను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవారిని ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలన్నాయి. బాగుచేసిన కంప్యూటరు మళ్లీ ఉపయోగపడాలంటే దానికి సరిపోయే, భద్రతా సవరణలు అందుతున్న ఓఎస్ ఉండాలి. 64-బిట్ యంత్రాలకు ఆ కొరత లేదు. పదిహేనేళ్ల కోర్ 2 డ్యుయో మీద 4 జీబీ ర్యామ్‌తో నేటి డెబియన్ తేలికపాటి డెస్క్‌టాప్‌తో నడుస్తుంది. హార్డ్ డిస్కు స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే వాడకంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

32-బిట్ యంత్రాల సంగతి వేరు. వాటికి డెబియన్ అధికారిక ఇన్‌స్టాలరు చివరిసారిగా వచ్చింది 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12తో. ఆ విడుదలకు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ 30 వరకే. 32-బిట్ కంప్యూటర్లు ఉన్న బడులు, మిల్లులు, షాపులు ఆ ఐఎస్‌ఓను, దాని సరిచూపు విలువను ఇప్పుడే దించుకుని రెండు చోట్ల భద్రపరచుకోవాలి.